పదకొండూ యాభై తొమ్మిది గారు

అమెరికాలో ఆన్‌లైన్ కోర్సు చదివిన తెలుగు విద్యార్థికి ఈయన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. కోర్సు నడిచే కాన్వాస్ వెబ్‌సైట్‌లో వారానికో డిస్కషన్ ఉంటుంది. ప్రొఫెసర్ అడిగిన ప్రశ్నకు 250 మాటల్లో జవాబు రాయాలి, మరో ఇద్దరి జవాబుల మీద స్పందించాలి. గడువు ఆదివారం రాత్రి 11:59. సోమవారం నుంచి శనివారం దాకా మన పెద్దమనిషి అలికిడే ఉండదు. ఆదివారం 11:40కి లాగిన్ అవుతారు. ముందు సొంత జవాబు పెడితేగానీ పక్కవాళ్లవి కనబడకుండా ప్రొఫెసర్ సెట్ చేసి ఉంటే, ఒక్క చుక్క పోస్ట్ చేసి దారి చేసుకుంటారు. అందరివీ ఓసారి తిరగేసి, ఎడిట్ నొక్కి, ఆ చుక్కను వ్యాసంగా పెంచుతారు. ఇక స్పందనలు. ఉన్నవాటిలో అతి పొట్టి పోస్టును వెతికి పట్టుకుని, ‘మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, మీ మూడో పేరా నన్ను ఆలోచింపజేసింది’ అని రాస్తారు. ఆ పోస్టులో ఉన్నవి రెండే పేరాలు. 11:58కి పని పూర్తి. ఇక వేసవిలో ఇంటికొచ్చి కోర్సు చేస్తున్నారంటే ఆయన పంట పండినట్టే. డల్లాస్‌లో ఆదివారం అర్ధరాత్రి గడువు హైదరాబాద్‌లో సోమవారం పొద్దున 10:29. టిఫిన్ చేసి, పేపర్ చదివి మరీ వాయిదా వేసుకోవచ్చు.

పని తనకున్న గడువంతా ఆక్రమిస్తుందని బ్రిటిష్ రచయిత పార్కిన్‌సన్ 1955లో ఎకనమిస్ట్ పత్రికలో వెటకారంగా రాశాడు. ఏడు రోజులిచ్చినా పనిని ఇరవై నిమిషాల్లోకి కుదించగల మనిషి ఆయనకు తారసపడి ఉండడు. అయినా ఈయన్ని బద్ధకస్తుడని తీసిపారేయడం న్యాయం కాదు. తప్పు మనిషిలో కన్నా గడువు పెట్టిన తీరులోనే ఎక్కువుంది. అసైన్‌మెంట్ ఆఖరి నిమిషంలో ఇస్తే నష్టపోయేది రాసినవాడే. డిస్కషన్ సంగతి అది కాదు, మంగళవారం ఒకరు సందేహం అడిగితే గురువారానికైనా బదులిచ్చేవాడు ఉండాలి. జవాబుకూ స్పందనలకూ కలిపి ఒకే గడువు పెట్టారంటే ఈయన విస్తళ్లు ఎత్తే వేళకు వచ్చే పెళ్లి అతిథి అవుతారు. శుభలేఖలో వేసిన వేళే అది అయినప్పుడు ఆయన్ని ఏమని తప్పుపడతాం? అందుకే చాలామంది ప్రొఫెసర్లు గడువును రెండు ముక్కలు చేస్తారు. మొదటి జవాబు బుధవారానికి, స్పందనలు ఆదివారానికి. అప్పుడీయన మారిపోతారా? అబ్బే, బుధవారం 11:58కి వస్తారు. రానివ్వండి. ఆయనతో వాదులాడటానికి మిగతావాళ్లకు ఇంకా నాలుగు రోజులున్నాయి, మనకు కావలసిందీ అంతే.

పగలంతా ఉద్యోగం, ఇంటికొస్తే పిల్లలు, శని ఆదివారాలే మాకు తీరిక అనేవాళ్ల మాట కాదనలేనిది. కానీ అందుకు మందు ఆదివారం గడువు కాదు. బుధవారం ఇవ్వాల్సిన జవాబుకు ప్రశ్నను అంతకుముందు శుక్రవారమే తెరిచిపెడితే వాళ్ల వారాంతం వాళ్లకు పూర్తిగా దక్కుతుంది. సెమిస్టర్ పొడుగునా గడువును అదే రోజు, అదే వేళ ఉంచితే క్యాలెండర్ చూసుకునే పని కూడా తప్పుతుంది. ఎదిగినవాళ్లకు గడువులేమిటి, పూర్తిగా ఎత్తేయండి అనే ఉదారులూ ఉన్నారు. కానీ విద్యార్థులకిచ్చే ఫెడరల్ ఆర్థిక సహాయం నిబంధనల్లో ఊరికే లాగిన్ కావడం చదువులో పాల్గొన్నట్టు లెక్క కాదు, కాలేజీ అప్పగించిన ఆన్‌లైన్ చర్చలో పాల్గొనడం లెక్కే. అంటే డిస్కషన్ సగం చర్చ, సగం హాజరుపట్టీ. తేదీ లేని హాజరు ఎక్కడైనా ఉంటుందా? పైగా ఎవరికి తోచినప్పుడు వాళ్లు రాస్తే మూడో వారం ప్రశ్నకు పదో వారంలో జవాబొస్తుంది, చదివే నాథుడుండడు. మార్కులు కోయడం కన్నా ఈయనకు తగిన కొలువు ఒకటుంది. వారం చర్చంతా చదివి సారాంశం రాసే బాధ్యతను విద్యార్థులకు వంతులవారీగా అప్పగించే పద్ధతి చాలా కోర్సుల్లో ఉన్నదే. మొదటి వంతు ఈయనకే ఇవ్వాలి. ఆఖర్న రావడం అక్కడ అర్హతే మరి. కాకపోతే ఆదివారం రాత్రి 11:55కి ప్రొఫెసర్‌కు మెయిల్ వస్తుంది: ‘చర్చ చాలా లోతుగా సాగింది సార్, సారాంశానికి ఇంకో రెండు రోజులు గడువివ్వగలరా?’