ధర కట్టేది పక్క కొట్టువాడే

అమెరికాలో చిన్న ఊళ్లో సొంత మందుల షాపు నడిపేవాడికి లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. అతని లెక్కలన్నీ వేరేవాళ్లు చూసుకుంటారు. రోగి ఇన్సూరెన్స్ కార్డు ఇస్తాడు, షాపతను వివరాలు కంప్యూటర్లో కొడతాడు, క్షణాల్లో జవాబు వచ్చేస్తుంది: రోగి కట్టాల్సింది ఇంత, షాపుకు మేమిచ్చేది ఇంత. ఆ రెండూ కలిపినా ఒక్కోసారి అతను మందు కొన్న ధరకు చాలవు. బేరమాడడానికి అవతల మనిషి ఉండడు. ఇస్తే నష్టం. ఇవ్వకపోతే రోగితో పాటు ఆ ఇంటిల్లిపాది మందుల చీటీలూ వేరే షాపుకు వెళ్లిపోతాయి.

ఆ జవాబు పంపే సంస్థను ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్, పొట్టిగా పీబీఎం అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఏ మందు జాబితాలో ఉండాలో, తయారీదారు ఎంత రిబేటు ముట్టజెప్పాలో, ఏ షాపుకు ఎంత ఇవ్వాలో తేల్చేది ఇదే. మొదట్లో దీని పని మందుల బిల్లులు చూడడమే. గుమాస్తాగా చేరినవాడు ఇల్లరికపుటల్లుడై, చివరికి ఇంటి పత్రాలు తన పేర రాయించుకున్నాడు. ఇప్పుడు దేశంలో రాసే ప్రతి 100 మందుల చీటీల్లో దాదాపు 80 మూడే సంస్థల చేతుల మీదుగా నడుస్తున్నాయి: సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్.

ఇక్కడ చుట్టరికాలు కాస్త చెప్పుకోవాలి. కేర్‌మార్క్‌ను 2007లో సీవీఎస్ తనలో కలుపుకుంది. ఆ సీవీఎస్‌కు వేలాది మందుల షాపులున్నాయి. 2018లో ఏట్నా అనే ఇన్సూరెన్స్ కంపెనీనీ కొనేసింది. ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ అదే ఏడాది సిగ్నా ఇంటికి చేరింది. ఆప్టమ్ పుట్టిల్లు యునైటెడ్‌హెల్త్. ముగ్గురికీ పోస్టులో మందులు పంపే సొంత ఫార్మసీలున్నాయి. అంటే వీధి చివరి షాపుకు ధర కట్టేది ఆ షాపుతో పోటీపడే యజమానే. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటును తిట్టని రైతు ఉండడు కానీ, ఆ ఏజెంటు కూడా తనే మిర్చి పండించి, తన టిక్కీలకొక రేటూ రైతు టిక్కీలకొక రేటూ తనే పాడుకోడు.

అలా పాడుకుంటే ఎలా ఉంటుందో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరి నివేదికలో చూపించింది. ఊపిరితిత్తుల రక్తపోటుకు వాడే టడలాఫిల్ జెనరిక్ నెల మోతాదు 2022లో ఫార్మసీలకు సగటున 27 డాలర్లకు దొరికింది. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్న రోగుల విషయంలో ఈ మూడు పీబీఎంలు తమ సొంత ఫార్మసీలకు దానికి చెల్లించింది సగటున 2,106 డాలర్లు. సొంతవాళ్ల దగ్గర పిసినారితనం చూపకూడదన్న సంస్కారం కాబోలు! ఇలా స్పెషాలిటీ జెనరిక్ మందుల మీద, కొనుగోలు అంచనా ధర పోగా, 2017 నుంచి 2022 దాకా సొంత ఫార్మసీలకు చేరిన సొమ్ము 730 కోట్ల డాలర్లకు పైనే. కమిషన్ తనకు నచ్చిన మందులే ఏరుకుని లెక్క చెప్పిందని, తాము బేరమాడబట్టే దేశంలో మందుల ఖర్చు అదుపులో ఉందని పీబీఎంల వాదన. ఈ 2,106 డాలర్లు ఎవరితో బేరమాడితే తేలాయో మాత్రం వాళ్లే చెప్పాలి.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. అమెరికన్లు మింగే జెనరిక్ మాత్రల్లో హైదరాబాద్ కంపెనీలవి తక్కువేమీ కాదు. ఆ మాత్రకు అక్కడ రేటు కట్టే కుటుంబాలకు చెందిన ఆప్టమ్, సిగ్నావారి ఎవర్‌నార్త్‌ల పెద్ద ఆఫీసులూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. బీఫార్మసీ చదివి వెళ్లి అక్కడ షాపు పెట్టుకున్న తెలుగువాడు ఈ రెండింటి మధ్య కౌంటర్ దగ్గర నిలబడి ఉంటాడు.

అమ్మేటప్పుడు నష్టపోతే ఆ బాధ అక్కడితో పోతుంది. అమ్మిన నెలల తర్వాత నష్టపోవడం ఒక కళ. వృద్ధుల మెడికేర్ పథకంలో దాన్ని డీఐఆర్ ఫీజు అన్నారు. డబ్బిచ్చిన కొన్నాళ్లకు, మీ షాపు పనితీరు కొలమానాలకు తూగలేదంటూ అందులో కొంత వెనక్కి లాగేసుకోవడం. 2010 నుంచి 2020 మధ్య ఇలా ఫార్మసీల దగ్గర లాగిన మొత్తం 1,07,400 శాతం పెరిగిందని మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థే తేల్చింది. అచ్చుతప్పు కాదు, సున్నాలు సరిగానే ఉన్నాయి. 2024 జనవరి 1 నుంచి ఆ కోతేదో అమ్మేటప్పుడే చూపించాలన్నారు. దాంతో ఆ ఏడాది మొదట్లో పాత అమ్మకాల మీద కోతలూ కొత్త అమ్మకాల మీద తగ్గించిన రేట్లూ ఒకేసారి వచ్చి పడ్డాయి. షాపులవాళ్లు దానికి డీఐఆర్ హ్యాంగోవర్ అని పేరు పెట్టుకున్నారు. విందు చేసుకున్నది వేరేవాళ్లు.

ఒహాయోలో 2018లో రాష్ట్ర ఆడిటర్ పేదల మెడికెయిడ్ లెక్కలు విప్పి చూస్తే, పీబీఎంలు షాపులకిచ్చింది ఒకటి, పైనుంచి వసూలు చేసింది మరొకటి అని బయటపడింది. ఏడాదికి తేడా 22.48 కోట్ల డాలర్లు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా కేంద్ర చట్టం ఇంకో వింతను రద్దు చేసింది. అంతవరకు కొన్ని ఒప్పందాల ప్రకారం, ఇన్సూరెన్స్ వాటా కట్టడం కన్నా నగదిస్తే ఈ మందు చవకని రోగికి చెప్పకుండా షాపతను నోరు మూసుకోవాలి.

కొన్న ధరకన్నా తక్కువ ఇవ్వకూడదని 2015లో ఆర్కన్సా రాష్ట్రం చట్టం చేస్తే, పీబీఎంల సంఘం దాన్ని సుప్రీంకోర్టు దాకా లాగింది. 2020 డిసెంబరులో పాల్గొన్న 8 మంది జడ్జీలూ రాష్ట్రానికే ఓటేశారు. ఆ ఊపులో ఆర్కన్సా 2025 ఏప్రిల్‌లో పీబీఎంకు సొంత మందుల షాపే ఉండకూడదంది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. అమలు కాకముందే జులైలో ఫెడరల్ జడ్జి ఆపేశాడు.

కేంద్రంలోనూ కదలిక రాకపోలేదు. 2024 డిసెంబరులో పీబీఎంలకు పగ్గాలేసే నిబంధనలు ఒక పెద్ద ఖర్చుల బిల్లులో చేరాయి. ఎలాన్ మస్క్ ఆ బిల్లు మీద విరుచుకుపడ్డాడు, బిల్లు కూలింది, తర్వాత చిక్కి వచ్చిన దాంట్లో పీబీఎంల ఊసే లేదు. ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్ అంటే ఏమిటని ఆ రోజుల్లోనే ఆయన ఎక్స్‌లో అడిగాడు.

2025 జూన్‌లో లూసియానా శాసనసభ ఆర్కన్సా బాట పట్టబోయింది. వెంటనే సీవీఎస్ ఖాతాదారుల ఫోన్లకు మెసేజ్‌లు వెళ్లాయి: ఈ చట్టం వస్తే మీ ఫార్మసీ మూతపడొచ్చు, మీ ప్రతినిధికి చెప్పండి. మందుల కోసం ఇచ్చిన నంబర్లను రాజకీయ ప్రచారానికి వాడుకున్నారంటూ రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెక్కారు. చట్టసభ సమావేశాలు అప్పటికే బిల్లు పాస్ కాకుండా ముగిశాయి.