తీగ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఒరిజినల్ హై-ఫై ఆడియో కేబుల్. ఆక్సిజన్ ఫ్రీ కాపర్. 24కె గోల్డ్ ప్లేటెడ్. ఫుల్లీ షీల్డెడ్. స్టూడియో క్వాలిటీ సౌండ్. మేడ్ ఇన్ జపాన్. లైఫ్‌టైమ్ వారంటీ.

అవతారిక. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, ఢిల్లీలో లజపత్‌రాయ్ మార్కెట్, ఏ అంగడికి పోయినా మేకుకు వేలాడే ప్లాస్టిక్ కవరు మీద ఇంచుమించు ఇదే పాఠం కనిపిస్తుంది. పాఠభేదాలు లేకపోలేదు. కొన్ని ప్రతుల్లో జపాన్ కంపెనీ పేరులో ఒక అక్షరం తగ్గుతుంది, కొన్నిటిలో ఒకటి పెరుగుతుంది. మరీ నాణ్యమైన ప్రతుల్లో పేరు తు.చ. తప్పకుండా ఉండి, లోపలి సరుకు మాత్రమే తప్పుతుంది. కర్త అజ్ఞాతుడు. కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. కవరు కర్త ఆ ఒట్టును తిరగేసి పట్టుకున్నాడు గనుక ఇక్కడ వ్యాఖ్యాతకు చాకిరీ ఎక్కువ.

ప్రతిపదార్థం. ఒరిజినల్ అనగా అనుమానం రాకముందే ఇచ్చిన సంజాయిషీ. ఆక్సిజన్ ఫ్రీ కాపర్ అనగా ప్రాణవాయువును తీసేసిన రాగి. అలాంటి రాగి నిజంగానే ఉంది. కాకపోతే దాన్ని పుట్టించింది పాట కోసం కాదు. వేడిలో హైడ్రోజన్ తగిలితే మామూలు రాగి పెళుసుబారుతుంది. అది కుదరని వాక్యూమ్ పరికరాల వంటి చోట్ల దీన్ని వాడతారు. విద్యుత్తును మోయడంలో మామూలు కరెంటు తీగ రాగికి 100 మార్కులైతే దీనికి 101. ఆ ఒక్క మార్కును చెవితో విన్నానన్న వాడికి దండం పెట్టి పక్కకు జరగడమే. అయితే నకిలీ తీగలో ఆక్సిజన్ కంటే ముందు రాగే పోతుంది. చాకు మొనతో ఒక పోగును గీరితే ఎర్రటి పూత కింద తెల్లటి లోహం బయటపడుతుంది. అది అల్యూమినియం. దానికి రాగి తొడుగు వేసి లాగిన తీగ ఇది. రాగి సాంద్రత 8.96, అల్యూమినియానిది 2.7. అందుకే ఒక చుట్ట అరచేతిలో పెట్టుకున్నప్పుడే తేలిగ్గా తగులుతుంది. 24కె గోల్డ్ ప్లేటెడ్ అన్నదానికి అర్థం పిన్ను రంగు పసుపు అని. బంగారం రాగికంటే సుమారు 30 శాతం తక్కువ విద్యుత్తును మోస్తుంది. దాని గొప్పతనం చిలుము పట్టకపోవడం. అదీ పూత మందంగా ఉన్నప్పుడే. నకిలీ పిన్ను మీది పూత నాలుగుసార్లు పెట్టి తీస్తే సాకెట్‌కు అంటుకుని అక్కడే ఉండిపోతుంది.

స్టూడియో క్వాలిటీ సౌండ్. ఈ మూడు మాటల చుట్టూనే వివాదమంతా. కొన్నవాడు తీగ పెట్టి, తనకు బాగా తెలిసిన పాట వేసి, కళ్లు మూసుకుని తీర్పు చెబుతాడు: ‘డూప్లికేటే గాని ఒరిజినల్‌కి తీసిపోలేదు.’ ఈ తీర్పు నిజమే. అక్కరకు రాని నిజం. ఫోను నుంచో ప్లేయర్ నుంచో ఆంప్లిఫయర్‌కు వెళ్లే మీటరు తీగ సంగతే చూద్దాం. ఆంప్లిఫయర్ ద్వారం దగ్గర సాధారణంగా పదివేల ఓములు లేదా అంతకు మించిన అడ్డు ఉంటుంది. తీగ ఎంత నాసిరకమైనా దాని వంతు అర ఓము. పదివేలలో అర ఓము వల్ల తగ్గే ధ్వని డెసిబెల్‌లో వెయ్యో వంతు కూడా కాదు. ఆ చోట అసలు తీగా, నకిలీ తీగా, గోడలోంచి పీకిన ఫ్యాను వైరూ ఒకేలా పాడతాయి, షీల్డు సంగతి తర్వాత. హాజరైన వాళ్లందరూ పాసయ్యే పరీక్షలో ర్యాంకు చెప్పుకుని లాభమేమిటి? తీగ విషయంలో చెవి ప్రమాణం కాదన్నదే ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం. నకిలీని నిందించడానికి అది ఎలా పనికిరాదో, వెనకేసుకు రావడానికీ అలాగే పనికిరాదు.

పూర్వపక్షం. ‘నాకు తేడా స్పష్టంగా వినిపించింది, కాదనడానికి నువ్వెవరు?’ వినిపించలేదని ఎవరూ అనడం లేదు. ఆ తేడా తీగలో ఉందా అన్నదే ప్రశ్న. 1983లో అమెరికాలో ‘స్టీరియో రివ్యూ’ పత్రికకు లారెన్స్ గ్రీన్‌హిల్ స్పీకర్ తీగల మీద ఇదే ప్రశ్నతో పరీక్ష పెట్టాడు. సంగీతం వినిపించినప్పుడు శ్రోతలు ఖరీదైన కేబుల్‌కూ మామూలు 16 గేజి వైరుకూ తేడా నమ్మకంగా చెప్పలేకపోయారు. బాగా సన్నని 24 గేజి వైరును పట్టుకున్నారంటే ప్రధానంగా ధ్వని స్థాయి మారినందుకే. కొంచెం గట్టిగా వినిపించింది మనకు ఎప్పుడూ ‘బాగా’ వినిపిస్తుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. పాత తీగ ఊడదీసి కొత్తది దూర్చినప్పుడు సాకెట్ లోపలి చిలుము గీసుకుపోతుంది. మెరుగైంది తీగ కాదు, సాకెట్. పాత తీగనే తీసి మళ్లీ పెట్టినా అంత మెరుగూ వస్తుంది. పట్టుదల గల శ్రోతకు మార్గం ఒకటుంది. ఏ తీగ పెట్టారో తెలియకుండా ఇంకొకరి చేత 16 సార్లు మార్పించి వినాలి. కనీసం 12 సార్లు సరిగ్గా చెబితే, అది గుడ్డి ఊహ కాదని గణితం ఒప్పుకుంటుంది. ఇంత శ్రమకు ఎవరూ దిగరు. కవరు కర్తకు ఆ సంగతి తెలుసు.

రెండో పూర్వపక్షం మొదటిదానికంటే గట్టిది. ‘చెవికి తేడా లేకపోతే నకిలీలో తప్పేమిటి?’ తప్పు బయటపడే చోట్లు వేరే ఉన్నాయి. పెళ్లిపందిరిలో ఆంప్లిఫయర్ నుంచి 8 ఓముల స్పీకర్ దాకా పది మీటర్ల తీగ లాగారనుకుందాం. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగైతే రానూపోనూ 0.7 ఓము. శక్తిలో 8 శాతం తీగలోనే పోతుంది. అదే మందంలో అల్యూమినియం తీగైతే 1.1 ఓము, 12 శాతం. అర అని ముద్ర వేసి లోపల పావు పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే గనుక, నిజంగా పోయేది ఐదో వంతుకు పైనే. ఇక మైకు. మైకు నుంచి వచ్చేది వోల్టులో కొన్ని వెయ్యో వంతులు. దాన్ని ఆంప్లిఫయర్ వెయ్యి రెట్లు పెంచుతుంది. దానితోపాటు తీగలోకి దూరిన ప్రతి చెత్తా వెయ్యి రెట్లవుతుంది. ‘ఫుల్లీ షీల్డెడ్’ అన్న తీగ తొక్క ఒలిస్తే, లోపలి తీగ చుట్టూ ఒత్తుగా అల్లిక ఉండాల్సిన చోట పిల్లి మీసాల్లా పది పోగులు వదులుగా చుట్టి ఉంటాయి. ఆ సందుల్లోంచి సీరియల్ లైట్లలో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటు గుర్రు దర్జాగా లోపలికొస్తుంది. హరికథలో దాసు గారు గొంతు తగ్గించి కరుణరసం పట్టిన చోటే ఆ గుర్రు ఎక్కువ వినిపిస్తుంది. పిన్ను విప్పితే ఆ మీసాలన్నీ ఒక మెలి తిప్పి, టంకం ముద్ద మీద ఆనించి ఉంటాయి. అల్యూమినియానికి మామూలు టంకం అంటదు. అతికింది పైనున్న పల్చటి రాగి తొడుగు ఒక్కటే. కొన్ని రోజులకు పిన్ను మెడ దగ్గర తీగ తెగి, కదిపితే పలుకుతూ వదిలితే ఆగుతూ మొరాయిస్తుంది. మైక్ సెట్టు కుర్రాడు దానికి టేపు చుడతాడు. ఇందులో శ్రావ్యత ప్రసక్తే లేదు. ధ్వని ఉంటుంది, లేదా ఉండదు.

‘పేదవాడు వేలు పోసి జపాన్ తీగ కొనాలా?’ అక్కర్లేదు. అసలు సిసలు స్టూడియో తీగలు చేసే కనారే, మొగామి వంటివారు మీటరుకు ఎంత నిరోధమో అంకెల్లో ప్రకటిస్తారు. మల్టీమీటరు పెట్టి సరిచూసుకోవచ్చు. లక్షల రూపాయల విలాసపు తీగలు అమ్మేవారు అంకెలు వదిలేసి ‘వెచ్చదనం’, ‘గాలి’, ‘లోతు’ అంటారు. కవరు కర్త చదువుకున్నది వీళ్ల బడిలోనే. నాణ్యం కొలతలో కాక నమ్మకంలో ఉంటే, నమ్మకాన్ని ముద్రించడానికి రాగి అక్కర్లేదు, సిరా చాలు. నకిలీ తయారుచేసేవాడి ఖర్చు ఎక్కడ పడుతుందో చూడండి: కవరు, లోగో, హోలోగ్రామ్, పసుపు పిన్ను, వేలెడు లావు రబ్బరు తొడుగు. కంటికి ఆనే ప్రతిచోటా డబ్బు పెట్టి, ఆనని చోట మిగుల్చుకున్నాడు. అదే అంగట్లో అడుగు అరలో, పేరూ ఊరూ లేని రాగి మైకు తీగ మీటర్ల లెక్కన దొరుకుతుంది. నాలుగు పిన్నులు కొని టంకం పెట్టించుకుంటే నకిలీ ధరకు కాస్త అటూ ఇటూ అవుతుంది. దాని మీద ఏమీ రాసి ఉండదు గనుక వ్యాఖ్యానం కూడా అక్కర్లేదు.

మేడ్ ఇన్ జపాన్: స్పష్టం, అనగా అబద్ధం. లైఫ్‌టైమ్ వారంటీ: ఎవరి లైఫ్ అన్నది మూలంలో లేదు. కొన్నవాడిదని కొందరు అంటారు, కంపెనీదని కొందరు. అన్వయం కుదిరేది మూడో అర్థంతోనే, అంటే తీగ జీవితకాలం. అది తెగిన క్షణంతో ముగిసింది గనుక, కౌంటరు వెనకనున్న ఆయన బిల్లు అడ్డంగా, నిలువుగా చూసి ‘టైమ్ అయిపోయింది సార్’ అనడం శాస్త్రసమ్మతమే.