ఒక తుప్పు పద్యానికి టీకా తాత్పర్యాలు

పాత కారుకు తలుపుల పాదమందు
రంగు బుడగయై యుబ్బును రాలు గిల్ల
పుట్టి పూసిన మాత్రాన పోదు తుప్పు
వానకాలము రాగానె వచ్చు మరల

అవతారిక

పద్యం రాసినవాడూ టీకా రాసినవాడూ ఒకడే కావడం వల్ల కవిహృదయం విషయంలో తగాదా ఉండకూడదు. ఉంది. తుప్పు గురించి టింకరింగ్ షెడ్డు సంప్రదాయం ఒకటి, కారు యజమానుల సంప్రదాయం ఒకటి ఏనాటినుంచో నడుస్తున్నాయి. రెండూ ఈ పద్యాన్ని తమ వైపే లాక్కుంటాయి. మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని చెప్పి మరీ కాళిదాసుకు వ్యాఖ్యానం చేశాడు. ఆ నియమం ఇక్కడా పాటిద్దాం.

నాయిక మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది గనక ఇప్పుడు ఎంత వెతికినా ముగ్ధ దొరకదు, అందరూ ప్రౌఢలే. స్థలం విశాఖపట్నం, బీచి రోడ్డుకు దగ్గర. ఉప్పుగాలి ఉద్దీపన విభావం. ఇక సందర్భం: 15 ఏళ్ళు నిండిన కారుకు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. అంత కట్టినవాడు కారును అంత తొందరగా తుక్కుకు వెయ్యడు. అందుచేత ఈ పద్యం అవసరమైంది.

ప్రతిపదార్థం

పాత కారుకు = రిజిస్ట్రేషను గడువు ఒకమారు పొడిగింపబడిన వాహనమునకు; తలుపుల పాదమందు = తలుపుల అడుగు అంచున, రేకు మడత పడినచోట; రంగు = కంపెనీ రంగు గాని, యజమాని పిదప వేయించిన రంగు గాని; బుడగయై = పెసరగింజంత పొక్కై; ఉబ్బును = పైకి లేచును; గిల్ల = గోటితో గిల్లగా; రాలు = పెచ్చులై పడును; పుట్టి = పుట్టీ అను పూత; పూసిన మాత్రాన = పైన మెత్తినంతలో; తుప్పు = లోహభక్షకమగు ఆ ఎర్రని పొడి; పోదు = తొలగదు; వానకాలము రాగానె = తొలకరి పడగానే; మరల = తిరిగి, అదే చోట; వచ్చు = కానవచ్చును.

తాత్పర్యం

పైపైన పూస్తే తుప్పు పోదు. ఈపాటి మాటకు పద్యమెందుకంటే, బిల్లు కట్టేటప్పుడు వచనం గుర్తుండదు.

విశేషాలు

'పాదమందు' అన్న పదం తీసేస్తే పద్యం వ్యర్థం. వాన నీళ్ళు అద్దం మీద జారి, రబ్బరు బీడింగు దాటి, తలుపు లోపలికే దిగుతాయి. ఇది లోపం కాదు, తలుపు కట్టిన తీరే అంత. దిగిన నీళ్ళు బయటికి పోవడానికి అడుగు అంచున చిన్న కన్నాలు పెట్టారు. వీధి దుమ్మూ ఎండుటాకుల పొడీ చేరి, బురదై, ఆ కన్నాలు పూడిపోతాయి. బయటి రేకును లోపలి రేకు మీదికి మడిచిన సందులో తేమ ఇక ఆరదు. ఇనుము, నీరు, గాలి మూడూ ఒకచోట చేరాక తుప్పుకు ఇంకేం కావాలి? విశాఖలో ఉప్పు కూడా చేరి పని వేగం పెంచుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటు కోసం రంగును లోపలినుంచి నెడుతుంది. అదే 'ఉబ్బును'. అంటే బుడగ కంటబడేసరికే రేకు లోపలివైపు చాలా కథ జరిగిపోయింది. యజమాని దాన్ని ఆరంభం అనుకుంటాడు. షెడ్డువాడికి అసలు సంగతి తెలుసు, అడిగితే గాని చెప్పడు.

'గిల్ల' అన్నది కొందరికి నచ్చలేదు. గిల్లితే మచ్చ పెద్దదవుతుందని వారి బాధ. మచ్చ పెద్దది కాదు, ఉన్నంత కనిపిస్తుంది. కవి ఇక్కడ మెతకబడ్డాడని కూడా అనిపిస్తుంది. గోరు చాలదు, స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడాలి. మొన లోపలికి దిగితే ఇక పూతల మాట లేదు, ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. ఫుట్‌బోర్డు కింద జాకీ ఆన్చే చోటు అలా దిగిందంటే అది అందం సమస్య కాదు, ప్రాణం సమస్య.

'పుట్టి' అంటే 'జన్మించి' అని ఒక వెర్రి పక్షం ఉంది. జన్మించి పూసినవాడెవడో వారు చెప్పలేదు గనక వదిలేద్దాం. ఇక్కడ ప్రాణమంతా 'మాత్రాన' అన్న మాటలో ఉంది. కవి పుట్టీని నిందించలేదు, పుట్టీ ఒక్కదాన్నే నమ్ముకోవడాన్ని నిందించాడు. పుట్టీ ఆరినా తేమ పీలుస్తుంది. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్ది, ఆ సాయంత్రం అలాగే వదిలేసి, మర్నాడు రంగు కొట్టారంటే తుప్పుకు తామే నీళ్ళు పోసినట్టు. అసలు క్రమం వేరు. 80 నంబరు పేపరుతో తెల్లని లోహం మెరిసేదాకా గోకాలి. మచ్చ దగ్గర ఆగకుండా చుట్టూ గట్టి రంగు తగిలేదాకా పోవాలి. గుంటల్లో మిగిలిన ఎరుపుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ రాస్తే నల్లబడుతుంది. తర్వాత థిన్నరుతో తుడవాలి. తుడిచాక చెయ్యి పెట్టకూడదు, చెమటలో ఉప్పుంటుంది. ఆ పూటే ఎపాక్సీ ప్రైమరు పడాలి. సముద్రం ఒడ్డున ఒట్టి రేకు రాత్రి తెల్లవారేలోగా ఎర్రబారుతుంది. పుట్టీ, సర్ఫేసరు, రంగు, క్లియర్ కోటు ఆ తర్వాత. నల్లటి అండర్ కోటింగ్ గురించి షెడ్డు సంప్రదాయం ఎంతో గొప్పగా చెబుతుంది గాని, తుప్పు మీదే కొడితే అది తేమను లోపలే బంధిస్తుంది. పైగా కంటికి కనపడకుండా చేస్తుంది.

పాత కారు కొనబోయేవారికి పుట్టీ పరీక్ష వేరే ఉంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకెళ్ళి తలుపుల అంచుల వెంట నడిపించడమే. ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ పుట్టీ మందంగా ఉన్నట్టు.

అలంకారం. నీళ్ళు కనపడకుండానే బుడగ పుట్టింది గనక, కారణం లేకుండా కార్యం కలిగింది, కాబట్టి విభావన అని యజమానుల పక్షం. అది చెల్లదు. కారణం తలుపులోనే ఉంది, వీరు చూడలేదంతే. మందు పూసినా రోగం పోలేదు, అంటే కారణం ఉండీ కార్యం కలగలేదు, కాబట్టి విశేషోక్తి అని షెడ్డు పక్షం. మందు సరైనదైతే గదా విశేషోక్తి! నా మటుకు నాకు ఇది స్వభావోక్తి. ఇనుము స్వభావమే ఇది.

ఇక్కడ ఒక పూర్వపక్షం. ఇనుము స్వభావం తుప్పేనైతే, ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం దాదాపు 1,600 ఏళ్ళుగా వానలో ఎలా నిలబడింది? సమాధానం: ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. ఐఐటీ కాన్పూరు లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం దీన్ని వివరించారు. ఫాస్ఫరస్ సాయంతో పైన పలుచని రక్షక పొర ఏర్పడి, దానికదే కవచమైంది. మన రస్ట్ కన్వర్టర్ డబ్బా ఆ పనినే తన చేతనైనంత మటుకు చేస్తుంది. స్తంభానికి తలుపులు లేవు, నీళ్ళు నిలిచే మడతలూ లేవన్నది కూడా మరవకూడదు.

పాఠాంతరం. చికాగో, డెట్రాయిట్ తెలుగువారు నాలుగో పాదాన్ని 'మంచుకాలము రాగానె వచ్చు మరల' అని చదువుకోవచ్చు. యతి చెడింది, అర్థం కుదిరింది. మంచు కరగడానికి అక్కడి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. అది కారు అడుగుకు అంటి, చక్రాల గూళ్ళనూ బ్రేకు గొట్టాలనూ తినేస్తుంది. వారు చలికాలంలో కారు పైభాగం కంటే అడుగు భాగం కడిగించడమే ముఖ్యం.

చివరిది 'మరల'. పైన చెప్పిన క్రమమంతా చేసినా మళ్ళీ వస్తుందా అంటే, కన్నాలు పూడితే వస్తుంది. మే నెలాఖరున ఒక ఈనె పుల్ల తీసుకుని నాలుగు తలుపుల కింద వంగాలి. పుల్లతో పొడిచి, తలుపులో అద్దం మీదుగా చెంబెడు నీళ్ళు పొయ్యాలి. కన్నంలోంచి మురికి నీళ్ళు ధారగా దిగాయంటే అన్వయం కుదిరినట్టు.