డన్ను కొట్టు మరువకోయి: ఒక వాట్సాప్ ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త మా కాలేజీ గ్రూపు అడ్మిన్. కాలం శుక్రవారం రాత్రి 11 గంటల 40 నిమిషాలు, స్థలం హైదరాబాదు. తాళపత్ర ప్రతులు లేవు. ఉన్నది ఒక్క స్క్రీన్‌షాటు, దాని మీద కూడా "ఎడిటెడ్" అని ముద్ర ఉంది. అంటే పాఠాంతరం ఉన్నట్టే. ఈ కవి అంతకు ముందు గుడ్ మార్నింగ్ గులాబీలు తప్ప స్వతంత్ర రచన చేసినట్టు ఆధారాలు లేవు. ఆ రాత్రి మాత్రం ఏ ముహూర్తాన ఫోను పట్టాడో గానీ గణాలు కుదిరాయి, యతి కుదిరింది. ఇంత చక్కని పద్యానికి జవాబుగా ఎనిమిది బొటనవేళ్లు లేచాయే గాని వ్యాఖ్యానం ఒక్కటీ రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

మూలం

ఆ. రేపు పొద్దు నాల్గు రెండు కార్లు కదులు
సూర్యలంక చేరి చూతమలలు
పైసలెవరివారు పంచుకొందురుగాక
మామ! డన్ను కొట్టు మరువకోయి!

ప్రతిపదార్థం

రేపు = మరునాడు అని నామవాచకార్థం. ఆశ రేపు, దుమ్ము రేపు అన్నచోట ఇదే మాట క్రియ. ఇక్కడ రెండర్థాలూ చెల్లుతాయి కనుక శ్లేష. ఈ గ్రూపులో ఆరేళ్లుగా "రేపు" మొదటి అర్థంలో ఒక్కసారీ నెరవేరలేదు, రెండో అర్థంలో ప్రతి శుక్రవారమూ నెరవేరింది.

పొద్దు = సూర్యుడు, వేళ, ఉదయం. కవి ఉద్దేశం మూడోది. బండి కదిలేసరికి మొదటిదీ వచ్చేసింది.

నాల్గు = నాలుగు గంటలకు. "పొద్దునైదు" అని పాఠాంతరం. దానికీ గణభంగం లేదు, అత్వసంధి కూడా చక్కగా కుదురుతుంది. అయినా కవి ఎందుకు దిద్దాడు? ఐదంటే ఏడుకు వస్తారు, నాలుగంటే ఆరుకన్నా వస్తారని లెక్క వేశాడు. మేం బయల్దేరింది ఆరూ నలభైకి. కనుక ఈ నాల్గు గడియారంలోది కాదు, అలారం నోరు నొక్కిన పర్యాయాల సంఖ్య అని నవీనులు.

రెండు కార్లు = స్పష్టం.

కదులు = దీని మీదే పెద్ద చర్చ. కదులును అన్నదాని సంక్షేపమనుకుంటే తద్ధర్మార్థకం, అంటే కదలడం కార్ల స్వభావమని అర్థం. మా గ్రూపులోని బావ కారు బ్యాటరీ ఆ తెల్లవారుజామునే ఈ అర్థాన్ని ఖండించింది. అపార్ట్‌మెంటు సెల్లారులో నలుగురం వెనక నుంచి నెడుతూ, బావ స్టీరింగు పట్టుకుని "కదులు, కదలవే తల్లీ" అన్నప్పుడు తెలిసింది, ఇది మధ్యమ పురుష ఏకవచనమని, ప్రార్థనార్థకమని. తల్లి కరుణించలేదు. రెండు కార్ల సామానూ, ఐదుగురు మనుషులూ ఒక్క కారులోకి సమాసమైపోయాం. విగ్రహవాక్యం చెప్పడం కష్టం. ఏ మోకాలు ఎవరిదో పిడుగురాళ్ల దాకా తేలలేదు.

సూర్యలంక = బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరాన ఉన్న సముద్రతీరం. సూర్యుని యొక్క లంక, షష్ఠీ తత్పురుషం. ఊరు బాపట్ల అయితే తీరం పేరే ఎందుకు చెప్పాడంటే, బాపట్ల అన్న మాటలో గురువులు రెండు పక్కపక్కన పడి ఏ సూర్యగణంలోనూ ఇమడవు. సూర్యలంక మాత్రం అక్షరాలా రెండు సూర్యగణాలు.

చేరి = చేరుకుని. క్త్వార్థకం. మూడు వందల పైచిలుకు కిలోమీటర్లను కవి రెండక్షరాల్లో దాటేశాడు. వ్యాఖ్యాతకు ఆ సౌకర్యం లేదు. నార్కట్‌పల్లి దాకా విజయవాడ దారి, అక్కడ కుడికి తిరిగితే నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట. పద్యానికి యతి నాలుగో గణం మొదట. మా ప్రయాణానికి యతి ఎక్కడ టీ కొట్టు కనిపిస్తే అక్కడ.

వాడపల్లి వంతెన మీద మాత్రం టీ కొట్టు లేకపోయినా ఆగాం. కృష్ణ దాటితే ఆంధ్రప్రదేశ్. ఆ వంతెన దగ్గరే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, మా చాదర్‌ఘాట్ వంతెన కింద ముక్కు మూసుకుని దాటించుకున్న అదే మూసీ. బావ కిటికీ దించి, "ఒరేయ్, ఇది మనకంటే ముందే బయల్దేరిందిరా" అన్నాడు. ఎవరినీ నిద్ర లేపకుండా, డన్ అడగకుండా, రోజూ వచ్చి చేరుతోంది. ఆ నీళ్లూ మాతోపాటు సముద్రానికే.

చూతము = చూద్దాం. దీని సంగతి చివర.

అలలు = తరంగాలు. చూతము + అలలు = చూతమలలు, ఉత్వసంధి. వ్యాకరణంలో ఉత్తు పోయి అచ్చు నిలుస్తుంది. తీరంలో కాలి కింది ఇసుక పోయి మనిషి నిలుస్తాడు, నిలవగలిగితే.

పైసలు = ధనం. ఎవరివారు = ఎవరి వాటా వారు. పంచుకొందురుగాక = భాగించుకొనెదరు గాక. ఇక్కడ "గాక" గమనార్హం. ఇది ఆశీరర్థకం. చిరకాలం జీవించుగాక అన్నట్టే, జరగాలని కోరడమే తప్ప జరుగుతుందని హామీ లేదు. వ్యాకరణం తెలిసి రాశాడో, మమ్మల్ని తెలిసి రాశాడో చెప్పలేం. మొదటి టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌లో నిల్వ చాలక, వెనక లారీలు హారన్ల మోత మోగిస్తుంటే, ఐదుగురం ఐదు ఫోన్లు తీసి "నువ్వు వెయ్యి", "నువ్వు వెయ్యి" అనుకున్న సన్నివేశం ఈ పాదానికి ప్రత్యక్ష ఉదాహరణ.

మామ = సంబోధన ప్రథమా విభక్తి. మేనమామ కాదు, పిల్లనిచ్చినవాడూ కాదు. హైదరాబాదు వాడుకలో నేస్తం. ఏకవచనం కావడం వల్ల గ్రూపులో ప్రతివాడూ ఇది పక్కవాణ్ణి పిలిచిందనుకున్నాడు.

డన్ను = అన్యదేశ్యం. నకారం ద్విత్వమై, ఉకారం చేరి తెలుగైంది.

కొట్టు = టైపు చేయి. డన్ను కొట్టడానికీ డుమ్మా కొట్టడానికీ క్రియ ఒక్కటే, మొదటి హల్లూ ఒక్కటే. అందుచేత ఒకటి కొట్టిన వేళ్లకు రెండోది కొట్టడం శ్రమ కాదు. డన్ను కొట్టినవారు ఎనిమిది మంది, బండెక్కినవారు ఐదుగురు.

మరువకు + ఓయి = మరువకోయి. ఇదీ ఉత్వసంధే.

విశేషాలు

బాపట్లను భావపురి అనీ అంటారు. భావనారాయణస్వామి వెలసిన ఊరు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఇక్కడే. తెలుగు జిల్లాల నుంచి జనం రైళ్లలో, బళ్లలో వచ్చి చేరారు. ఉత్తరం వేసి జవాబు కోసం కాచుకునే రోజుల్లో అంతమంది కూడితే, జేబులో ఫోనున్న ఎనిమిది మందిలో ఐదుగురం కూడటానికి మాకు ఆరేళ్లు పట్టింది.

తిరుగు దారిలో చీరాల దాటి వేటపాలెం వెళ్లాం. 1918లో పుట్టిన సారస్వత నికేతనం అక్కడుంది. టీకాకారుణ్ణి గనక బయటి నుంచైనా చూసి దండం పెట్టుకుందామన్నాను. మిగతా నలుగురు వేటపాలెం అంటే జీడిపప్పన్నారు. ఓటింగులో గ్రంథాలయం ఒకటికి నాలుగుతో ఓడింది. కారు వెనక సీట్లో నా ఒళ్లో కూర్చుని హైదరాబాదు చేరింది రెండు కిలోల గుండ్లు.

ఆక్షేపం, సమాధానం

"ఈ పద్యంలో నాలుగు అబద్ధం, రెండు అబద్ధం, పంచుకోవడం అనుమానం. ఇన్ని దోషాలున్నది కావ్యమెట్లగును?" అని పూర్వపక్షం. సమాధానం: అలలు నిజం. శనివారం మూడింటికి చేరి, చందువా వేపుడుతో అన్నం తిని, ఎండకు జడిసి పడుకుని, ఆదివారం చీకటితో సరుగుడు తోపు దాటి ఇసుకలోకి దిగాం. నీళ్లు మడమలు కడిగి వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను సన్నగా లాగేస్తుంటే ఐదుగురం ఒకరి భుజాలొకరం పట్టుకున్నాం. సూర్యుడు నీళ్లలోంచి గుడ్డుసొనలా లేచాడు. అంతసేపూ ఎవరూ ఫోను ముట్టుకోలేదు.

తర్వాత ముట్టుకున్నది డాలస్ కోసం. ఎనిమిది డన్నుల్లో ఒకటి అక్కడి నేస్తానిది. "రాలేనివాడు డన్ను కొట్టడం చింత్యం" అని శుక్రవారం రాత్రే బావ ఆక్షేపించాడు. వీడియో కాల్ కలిసింది. ఇక్కడ ఆదివారం ఉదయం, అక్కడ ఇంకా శనివారం సాయంత్రం. మా నేడు వాడికి రేపు. వాడు మా మొహాలు చూడనన్నాడు. "మామా, మీరు జరగండి. ఫోను అటు తిప్పు" అన్నాడు. అలల వైపు తిప్పి పట్టుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా అటునుంచి మాట లేదు. ఊపిరి మాత్రం వినిపించింది.

ఇప్పుడు "చూతము". చూస్తాము అంటే మేము కావచ్చు, మనము కావచ్చు. చూతము, చూద్దాం అన్నప్పుడు మాత్రం మేము కుదరదు. వింటున్నవాణ్ణి కలుపుకోకుండా తెలుగులో ఆ మాట అనడం సాధ్యం కాదు. కవి పదం వేసిన రాత్రి దాన్ని విన్నవారంతా అందులో ఉన్నారు. కనుక డాలస్ డన్ను చెల్లుతుంది.

తాత్పర్యం

"మిత్రమా! రేపు తెల్లవారుజామున నాలుగింటికి రెండు కార్లలో బయల్దేరి, సూర్యలంక చేరి అలలు చూద్దాం. ఖర్చులు ఎవరివి వారు పంచుకోవాలి. ఒప్పుకోవడం మరువకు" అని భావం.

సోమవారం ఉదయం అడ్మిన్ పెట్రోలు, టోలు, గది, చేపలు అన్నీ కూడి, ఐదుతో భాగించి గ్రూపులో లెక్క పెట్టాడు. మధ్యాహ్నం దాకా ఒక్క పైసా రాలేదు. మొట్టమొదట వచ్చింది డాలస్ నుంచి ఒక సందేశం, దాని వెంట కొంత సొమ్ము.

"ఐదు కాదురా, ఆరుతో భాగించు."