కొటేషన్లు సగం మర్చిపోండి

బ్రిటన్‌లో జీసీఎస్ఈ రాసే మన పిల్లలకూ, పక్కన కూర్చుని చదివించే అమ్మానాన్నలకూ ఈ మాటలు తలకిందులుగా తోస్తాయి. అయినా చెబుతాను. ఇంగ్లిష్ లిటరేచర్‌లో బాగా చదివిన పిల్లలే మార్కులు పోగొట్టుకుంటుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

కొటేషన్ల జాబితా సగానికి కొట్టేయండి. హాల్లోకి పుస్తకం రానివ్వరు గనక పేజీలకు పేజీలు బట్టీ పట్టిస్తున్నారు. కానీ ఏక్యూఏ బోర్డు షేక్‌స్పియర్ ప్రశ్నలో నాటకంలోని ఒక భాగాన్ని అచ్చువేసి చేతికిస్తుంది. మిగతా నాటకం కోసం బాగా అర్థమైన చిన్న ముక్కలు కొన్ని చాలు. ఒక్క మాటైనా కొటేషనే.

కథ చెప్పకండి. దిద్దేవాళ్లకు కథ తెలుసు. ఒక్కచోట ఆగి తవ్వండి.

మాక్‌బెత్‌లో చేతులనే తీసుకోండి. రాజు డంకన్‌ను చంపి వచ్చిన మాక్‌బెత్, ఈ నెత్తురు సముద్రంతో కడిగినా పోదని వణికిపోతాడు. కాసిని నీళ్లు చాలంటుంది భార్య. ఐదో అంకంలో ఆవిడే నిద్రలో నడుస్తూ, లేని మరకను రుద్దుకుంటూ ఉంటుంది. చాలామంది పిల్లలు ఇక్కడ ‘పశ్చాత్తాపం’ అని రాసి ముందుకు వెళ్లిపోతారు. వెళ్లకండి. అంతకుముందు దర్జాగా పద్యంలో మాట్లాడిన రాణి ఇప్పుడు వచనంలో, తెగిపోయిన మాటల్లో మాట్లాడుతోంది. మన పద్యనాటకంలో రాగం అందుకోవాల్సిన పాత్ర మధ్యలో గొణగడం మొదలుపెడితే సభ ఉలిక్కిపడదూ? ఆమె మనసు పట్టు తప్పిందని ఆ లయ తప్పడమే చెబుతోంది. దీనిమీదే సగం పేజీ రాయండి. ‘మెటఫర్’, ‘సిమిలీ’ అని పేర్లు పెట్టి వదిలేసిన పది వాక్యాలకంటే అది ఎక్కువ పలుకుతుంది.

చరిత్రకు విడి పేరా వద్దు. 1605లో రాజును పార్లమెంటుతో సహా పేల్చేయబోయిన కుట్ర సంగతి రాజహత్య దగ్గర ఒక్క వాక్యంలో రావాలి. జేమ్స్ రాజు 1597లో మంత్రవిద్య మీద రాసిన పుస్తకం మంత్రగత్తెల దగ్గరే పనికొస్తుంది. ఇంకెక్కడ పెట్టినా అతుకే.

మొదటి పేపర్‌కు గంటా ముప్పావు, రెండు వ్యాసాలు. ఒక్కోదానికి మొదటి ఐదు నిమిషాలు వ్యాసం మొదలుపెట్టకండి. ప్రశ్నకు మీ జవాబేమిటో ఒక్క వాక్యంలో మూలన రాసుకోండి. ఆ వాక్యాన్ని మోయని పేరా ఎంత అందంగా కుదిరినా తీసేయండి. షేక్‌స్పియర్ వ్యాసానికి 30 మార్కులు పోను స్పెల్లింగుకూ వాక్యనిర్మాణానికీ ఇంకో 4 ఉన్నాయి, చివర్లో వాటికీ కొంచెం టైం ఉంచుకోండి.

అమ్మానాన్నలూ, పరీక్ష నుంచి రాగానే “ఎన్ని పేజీలు రాశావ్?” అనకండి. అడిషనల్ షీట్లు లెక్కపెట్టుకుంటూ పెరిగినవాళ్లం, నోరు ఊరుకోదు, తెలుసు. ఇంట్లో రాసిన ప్రాక్టీసు వ్యాసం చూసినప్పటినుంచే “ఏమని వాదించావు కన్నా?” అని అడగడం అలవాటు చేసుకోండి. జవాబుగా కథ మొదలైతే, ఆ వ్యాసం మళ్లీ రాయించండి.