గుర్రపు వైద్యుని చీటీకి టీకా తాత్పర్యం

మూలం: “కాళ్ళు కడిగి, పక్కు నాననిచ్చి తీసి, ఆరనిచ్చి, పైపూత రాయవలెను. తడిలో కట్టరాదు.”

అవతారిక: తిరుపతిలో పెళ్ళి ఊరేగింపులకు తిరిగే తెల్లకాళ్ళ గుర్రమొకటి కార్తీకపు ముసురులో బురదలో నిలిచి నిలిచి, వెనక కాళ్ళకు పక్కులు కట్టించుకుంది. అప్పుడు వెలసినది ఈ చీటీ. కర్త కీర్తికాముడు కాడు. సంతకం దేవుడికే తెలియాలి. శాలిహోత్రుడి పేర శాస్త్రం ఉంది, మనుమంచి భట్టు హయలక్షణాలను తెలుగు పద్యాల్లో చెప్పాడు. చీటీకి మాత్రం వ్యాఖ్య లేదు. ఆ వెలితి తీర్చడానికి పూనుకున్నాను.

ప్రతిపదార్థం: కాళ్ళు = డెక్కకు పైన, వెనకవైపు మడత పడే చోటు; కడిగి = వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, క్లోర్‌హెక్సిడిన్ గాని పోవిడోన్ అయోడిన్ గాని కలిపిన నీళ్ళతో తుడిచి (గొట్టంతో జోరుగా కొట్టి అనడం అపార్థం); నాననిచ్చి = ఆ మందునీళ్ళను పది నిమిషాలు అలాగే ఉంచి; తీసి = మెత్తబడి వదిలినవాటినే తీసి. ఎండు పక్కును గోటితో పెరికినవారికి ఈ పదం అర్థం గుర్రమే చెబుతుంది, తాపు రూపంలో. చేతికి తొడుగు అధ్యాహారం, ఈ జబ్బు మనిషికీ అంటగలదు గనుక.

ఆరనిచ్చి = ఇక్కడ ఆగాలి. గుర్రపువాళ్ళ మౌఖిక పాఠంలో ఈ పదం లోపించింది. “కడిగేసి రాసేయమన్నాడు గదా సార్” అన్నదే వారి పాఠం. అది గ్రాహ్యం కాదు. ఊడిన పక్కుతో పాటు వెంట్రుకల కుచ్చు కుంచె మాదిరి వస్తుంది. కింద గులాబీరంగు పచ్చి చర్మం, పలుచని చీము. ఆ మడతలో తడి నిలిస్తే కడిగిన పుణ్యమంతా వ్యర్థం. పొడిగుడ్డతో రుద్దక, అద్ది అద్ది తడి పీల్చాలి. గుడ్డ మార్చాలి. ఆ తర్వాతే పూత.

పూర్వపక్షం: ఆముదంలో పసుపు కలిపి దట్టంగా పట్టిస్తే చాలదా? సమాధానం: చాలదు. తడికాలి మీద జిడ్డు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది, రోగానికి గొడుగు పట్టినట్టవుతుంది.

విశేషాంశాలు: ఈ పక్కుల జబ్బుకు తరచు కారణమయ్యే సూక్ష్మజీవి డెర్మటోఫైలస్ కాంగొలెన్సిస్. 1915లో బెల్జియన్ కాంగోలో పశువుల మీద వర్ణించబడి ఆ దేశం పేరు తగిలించుకుంది. తడి తగిలితే దాని బీజాలు ఈదుతాయి, నాని పగిలిన చర్మంలో దూరతాయి. రంగులేని చర్మం గల తెల్లకాళ్ళకు బాధ ఎక్కువ. అందానికి మెచ్చి బేరమాడేవారు గమనింతురు గాక. పురుగు వల్ల, తామర వల్ల కూడా ఇలాంటి పక్కులే కడతాయి. గుర్రం కాలు నేలకేసి కొట్టుకుంటుంటే పురుగును అనుమానించాలి. పక్కు గీరి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలుతుంది.

తడిలో కట్టరాదు = బురదలోనే కాదు, మూత్రం నిలిచే సాలలోనూ అని. 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులైనప్పుడు ఈ వాక్యం పాటించడం అసాధ్యమే. మామూలు ముసురులో సాధ్యమే, గట్టుమీద సాల, పొడి ఊక ఉంటే. బ్రహ్మోత్సవాల ఎనిమిదో రాత్రి స్వామి అధిరోహించే అశ్వవాహనానికి ఈ బెడద లేదు. ఊరేగింపుల ముందు నడిచే ప్రాణమున్న గుర్రానికి ఉంది.

తాత్పర్యం: మందు రెండోది, ఆరడం మొదటిది.

కాలు వాచినా, కుంటినా, జ్వరమొచ్చినా వ్యాఖ్యానం కట్టిపెట్టండి. సూదిమందు అవసరమో కాదో వైద్యుడే చెప్పాలి. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు ఇది. గుర్రాన్ని అక్కడికి నడిపించండి, అదీ పొడిదారిన.