పటం కట్టిన ప్రతిభ

ఫొటో పోటీలకు ప్రింట్లు పంపేవాళ్ల మధ్య ఒక ఉపదేశం చెలామణీలో ఉంది: సగం బహుమతి ఫొటోలో ఉంటుంది, మిగతా సగం దాన్ని కట్టించిన తీరులో ఉంటుంది. ఈ లెక్క ఎవరు తేల్చారో గానీ, ఫ్రేములు కట్టేవాళ్లెవరూ కాదన్నట్టు లేదు. ఉపదేశం విన్నవాడు ముందుగా కాగితం వేటలో పడతాడు. మామూలు ఫొటో కాగితం పనికిరాదు. నూరు శాతం నూలుతో చేసిన, చదరపు మీటరుకు 308 గ్రాములు తూగే జర్మన్ కాగితమే కావాలి. ఆ తర్వాత అల్యూమినియం రేకు మీద వేయించాలా, యాక్రిలిక్ పలక వెనక అంటించాలా, మందపాటి అట్టలో కిటికీ కోయించాలా అన్న ధర్మసందేహాలు. ఇవన్నీ తేలేసరికి గడువు ముంచుకొస్తుంది. ఇక మిగిలేది ఒక చిన్న పని, ఏ ఫొటో పంపాలో చూసుకోవడం. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. పోటీకి పంపే ప్రింటును ఎలా ముస్తాబు చేయాలన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: చూసినవాడికి ముస్తాబు గుర్తుండకూడదు. అదే గుర్తుండిపోయిందంటే ఫొటో ఓడిపోయి ఉండాలి, లేదా పోటీ ఫొటోల మధ్య కాక జేబుల మధ్య జరిగి ఉండాలి.

ముందు పోటీ నడిచే తీరు చూద్దాం. గ్యాలరీలు పెట్టే పోటీల్లో చాలావాటికి ఇప్పుడు తొలి వడపోత కంప్యూటరు తెర మీదే. ఎంట్రీ అంటే అప్‌లోడ్ చేసిన ఒక జేపెగ్ ఫైలు. న్యాయనిర్ణేతలు దాన్ని చూసి ఔననో కాదనో తేల్చాకే ఎంపికైనవాళ్లకు కబురొస్తుంది, ఫ్రేము కట్టించి, వెనక తీగ బిగించి పంపండని. అంటే తీర్పు వెలువడ్డాక ఫ్రేము బోనెక్కుతోంది. క్లబ్బులు, ఫెడరేషన్లు నడిపే సలోన్లనే పోటీల్లో ప్రింట్ల విభాగం నిబంధనలు సాధారణంగా ఇంకా కటువు: అట్ట 40×50 సెంటీమీటర్లు దాటకూడదు, ఫ్రేమూ అద్దమూ వద్దు, పేరు వెనకవైపే రాయాలి. అవి రాసినవాళ్లకు మనిషి బలహీనత బాగా తెలుసు. వందల ప్రింట్లు వరసగా వచ్చిపోతుంటే ఒక్కోదానికి దక్కేవి కొన్ని సెకన్లే, వాటిని అంచులు మింగేయకూడదు కదా. ఇక ఫ్రేము నిజంగా పనిచేయగలిగింది గోడకు తగిలించిన ప్రింట్లలోంచి బహుమతులు ఏరేటప్పుడే. అక్కడా మామూలు గాజు తన మీద పడ్డ వెలుగులో దాదాపు 8 శాతాన్ని తిప్పికొడుతుంది. నీడలు దట్టంగా ఉన్న ఫొటో ముందు నిలబడితే కనిపించేది ఫొటో కాదు, నిలబడినవాళ్లే. తమ ముఖం చూసుకుని మురిసి మార్కులేసే న్యాయనిర్ణేతలు ఉన్నారనుకుంటే తప్ప ఆ గాజుకు సమర్థన లేదు. మెరుపు తిప్పికొట్టని ఖరీదైన గాజు ఉంది కదా అంటారా? ఉంది. అసలు గాజే లేదనిపించడం దాని గొప్ప. ఆ గొప్పతనం గాజు పెట్టకపోతే ఉచితంగానే వస్తుంది.

ఈ వెర్రి నేటిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఫొటోను అట్టకు అంటించడానికి గట్టి కారణమే ఉండేది. ఆల్బుమెన్ కాగితం బాగా పల్చన, వదిలేస్తే చుట్టుకుపోతుంది. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ కాలంలో అట్ట చేసిన పని అదే. స్టూడియోలు ఆ అట్ట మీద తమ పేరు అచ్చువేసుకున్నాయంటే అది దాపరికం లేని వ్యాపారం. ముస్తాబుతో కళ అనిపించుకోవాలన్న తాపత్రయం తర్వాత ముదిరింది. 1902లో న్యూయార్కులో ఫొటోగ్రాఫరు ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ఫొటో-సెసెషన్ బృందాన్ని పెట్టేనాటికి, ఫొటో అనేది యంత్రం చేసే పనే తప్ప కళ కాదని తీసిపారేసేవాళ్లు చాలామంది. ఆ రోజుల్లో ఫ్రెడ్ హాలండ్ డే వంటి ఫొటోగ్రాఫర్లు చిన్న ప్రింటు కింద రంగురంగుల కాగితాలు పొరలు పొరలుగా పేర్చేవారు. గడప దగ్గరే ఆపేస్తారని భయపడేవాడు పట్టుబట్ట కట్టుకుని వెళ్లినట్టు. ఆ భయం అర్థం చేసుకోదగిందే. కానీ ఫొటో-సెసెషన్ స్థాపకుల్లో ఒకడై, 1905లో స్టీగ్లిట్జ్‌తో కలిసి గ్యాలరీ తెరిచిన ఎడ్వర్డ్ స్టైకెన్ యాభై ఏళ్ల తర్వాత ఏం చేశాడు? 1955లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ‘ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ పేరిట 68 దేశాలకు చెందిన 503 ఫొటోలను ఫ్రేములూ అద్దాలూ లేకుండా పలకల మీద అంటించి నిలబెట్టాడు. ఆ ప్రదర్శన దేశదేశాలు తిరిగి మన దేశానికీ వచ్చింది. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ దాన్ని ఉతికి ఆరేశాడు. అతను ఉతికింది అందులోని ఆలోచనను, అంచులను కాదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ప్రింటు ఒక వస్తువు. దాని కొలత, కాగితం, నిలిపిన తీరు కూడా కళలో భాగమే కదా? జర్మన్ ఫొటోగ్రాఫరు ఆంద్రియాస్ గుర్స్కీ ‘రైన్ 2’ యాక్రిలిక్‌కు అంటించిన ప్రింటు; 2011లో న్యూయార్కు వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. నిజమే. అయితే వోల్ఫ్‌గాంగ్ టిల్మన్స్ ఫ్రేములు లేని ప్రింట్లను టేపుతో, క్లిప్పులతో గోడకు తగిలించాడు. 2000లో బ్రిటన్‌లో కళకిచ్చే టర్నర్ బహుమతి అతనికి వచ్చింది, అంతకుముందు ఏ ఫొటోగ్రాఫరుకూ రాలేదు. ఇప్పుడు మనం యాక్రిలిక్ కొనాలా, టేపు కొనాలా? ఇద్దరి విషయంలోనూ నిలిపే తీరు ఫొటో ఆలోచనలోంచే వచ్చింది. నదీ గట్టూ ఆకాశమూ అడ్డపట్టీలుగా మారిపోయిన గుర్స్కీ దృశ్యానికి మూడున్నర మీటర్లకు పైబడ్డ ఆ వెడల్పే ప్రాణం. చిన్న కొంగ ఫొటోకు అదే యాక్రిలిక్ తొడిగితే కొంగ రైన్ నది అయిపోదు.

మన్నిక మాటా వస్తుంది. ఆమ్లం ఉన్న అట్టతో ప్రింటు పసుపెక్కుతుంది, అతినీలలోహిత కిరణాలకు రంగులు వెలిసిపోతాయి. మ్యూజియానికి ఈ జాగ్రత్తలు తప్పనిసరి. నాలుగు వారాలు గోడ మీద ఉండి ఇంటికి తిరిగొచ్చే ప్రింటుకు నాలుగు తరాల కవచం ఎందుకో ఎవరూ చెప్పరు. అలాగైతే నలిగిన ప్రింటును వంకర అట్టకు అంటించి పంపమంటారా? వద్దు. శుభ్రం వేరు, ఖరీదు వేరు. తిన్నగా కోసిన అట్ట, వేలిముద్రలు పడని ప్రింటు, లోతైన నలుపు కావాలంటే మెరిసే కాగితం, పొగమంచు మెత్తదనానికి మెరుపులేనిది: ఇవి శ్రద్ధకు గుర్తులు, శ్రద్ధకు ఎవరూ బిల్లు వేయరు. ఖరీదును శ్రద్ధ పేరుతో అమ్మడం దగ్గరే నా పేచీ. దాని భారం పడేది ఎంట్రీ రుసుముకే జేబులు తడుముకునే కొత్తవాళ్ల మీద. రెండు మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 5 కిలోలు తూగుతుంది. దాని రవాణా ఖర్చూ, పగిలితే నష్టమూ సాధారణంగా గ్యాలరీ భరించదు.

మన ఇళ్లలో పటం కట్టి గోడకెక్కించే మర్యాద దేవుళ్లకూ గతించిన పెద్దలకూ దక్కుతుంది. వాళ్లకు ఎవరితోనూ పోటీ లేదు. పోటీలో నిలవాల్సిన ఫొటోకు ఆ మర్యాద ముందే చేయడం తొందరపాటు. నిర్వాహకులు చేయాల్సింది చిన్న పనే: అందరికీ ఒకే కొలత తెల్ల అట్ట, ఫ్రేములు తప్పవనుకుంటే గ్యాలరీయే ఇచ్చే ఒకే రకం ఫ్రేములు. ఒకసారి చేయిస్తే ఏటా పనికొస్తాయి. కట్టించిన తీరే సగం ప్రతిభ అని ఇంకా నమ్మేవాళ్లు ఉంటే, ఆ సగం బహుమతిని విడదీసి, ఫ్రేము కట్టినతన్ని వేదిక మీదకు పిలిచి, శాలువా కప్పి ఇవ్వండి. ఫొటోగ్రాఫరు కింద కూర్చుని చప్పట్లు కొట్టాలి. మనస్ఫూర్తిగా కొట్టేవాడు ఒక్కడు దొరికినా ఈ వాదన వెనక్కి తీసుకుంటాను.